బెజవాడకు వచ్చిన త్యాగయ్యగారి పాట

త్యాగరాజస్వామి 1847 లో కావేరీతీరమున, తిరువయ్యారునందు సిద్ధిపొందెను. ఆయన కీర్తనలు మన కృష్ణాతీరమునకుఁ బుస్తకములవలనఁ గాక కంఠములవలన వచ్చినవి. స్వామి శిష్యులు మానంబుచావడి వేంకటసుబ్బయ్యగారు. వారి శిష్యులు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రిగారు. శాస్త్రిగారి శిష్యులు పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు.

పంతులుగారు విజయవాడలో, అనఁగా నాఁటి బెజవాడలో, పలువురకు విద్య గఱపిరి. గురువు కీర్తనలో నొక పాదము పాడును. శిష్యుఁడు దానినే పాడును. గమకము చెడినచో మరలఁ బాడవలసినదే. స్వరములు వ్రాసికొనవచ్చును గాని, గమకములోని యూఁపు కాగితమున కెక్కదు. ఈ శ్రమ లేకయే పాట వచ్చునన్నచో నేను నమ్మను. వయొలిన్ విద్వాంసులు అన్నవరపు రామస్వామిగారు ఈ శిక్షణలోనివారే. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు ఎనిమిదవ యేటనే బెజవాడ త్యాగరాజారాధనమునఁ గచేరి చేసిరి.

1948 డిసెంబరు 1 న నగరమున రేడియో కేంద్రము వెలసెను. పంతులుగారు 1951 లో పరమపదించిరి. బాలమురళిగారు ఆ కేంద్రమునఁ బనిచేసి, భక్తిరంజని మూలమున ఉదయముననే పల్లెపల్లెకుఁ బాట నందించిరి. కచేరికిఁ బోలేనివారికది గొప్ప లాభము. అయినను రేడియో పాడునే గాని మన పాట వినదు, తప్పు దిద్దదు. దిద్దువారు కావలెననియే నగరమున సంగీత కళాశాల యేర్పడినది. దాని తొలి ప్రధానాచార్యులు బాలమురళిగారే. నేఁడది ఘంటసాల వేంకటేశ్వరరావుగారి పేరఁ బరఁగుచున్నది.