బండి వెనక జనరేటర్ కడితే?

గోదావరికి ఇవతల కాళేశ్వరం, అవతల మా సిరోంచ. అక్కడి నుంచి అల్లాపల్లి సుమారు 100 కిలోమీటర్లు, చాలావరకు అడవి దారి. మా మేనమామ కరెంటు స్కూటర్‌ది 2 యూనిట్ల బ్యాటరీ. యూనిట్‌కు 30 కిలోమీటర్లు, 60 కాగానే ఆగుతది. "చిన్న పెట్రోల్ జనరేటర్ వెనక కట్టుకుంటే అయిపాయె గద బిడ్డా" అంటాడు.

లెక్క వేశాను. చార్జర్ గంటకు ముప్పావు యూనిట్ ఎక్కిస్తుంది. గంటకు 40 వేగంతో పోతే బండి తాగేది యూనిట్‌కు పైనే. అంటే బ్యాటరీ దిగుతూనే ఉంటుంది, కాకపోతే నెమ్మదిగా. కాగితం మీద మామ అల్లాపల్లి చేరతాడు! కానీ చార్జర్ గుచ్చితే చాలా స్కూటర్లు అసలు కదలవు. పైగా గంటకు సుమారు అర లీటరు పెట్రోల్ పోస్తే వచ్చేది 22 కిలోమీటర్లు. మామూలు పెట్రోల్ స్కూటరూ అంతే పోతుంది కదా, ఇంత బరువు, మోత ఎందుకు?

వాన వచ్చిందని గదిలో పెట్టి నడిపితే ఇంకా ప్రమాదం. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది.

దారిలో జిమలగట్ట దగ్గర హోటల్లో రెండు గంటలు చార్జింగ్ పెడితే 45 కిలోమీటర్లు కలుస్తాయి. "కరెంటు పోతే?" అన్నాడు మామ. అప్పుడు జనరేటర్ కావాల్సిందే, బండి మీద కాదు, హోటల్ వెనక ఆరుబయట.