కళ్లలోకి చూస్తే అబద్ధం తెలియదు!

సన్నీవేల్ నుంచి...

పోయిన నెల మా పిన్ని కొడుకు నరసరావుపేట నుంచి ఫోన్ చేశాడు. అక్కడ రాత్రి పది దాటింది, నేనిక్కడ పొద్దున్నే సైట్‌లో ఉన్నాను.

"అన్నయ్యా, అమెరికాలో సీటొచ్చింది. క్లాసులకు వెళ్లక్కర్లేదట, చేరిన రోజు నుంచే ఉద్యోగం చేసుకోవచ్చట. కన్సల్టెన్సీ సార్ మంచోడే, కళ్లలోకి చూసి మాట్లాడతాడు" అన్నాడు. ఫీజు కోసం పిన్ని ఎకరంన్నర పొలం తాకట్టు పెట్టబోతోందట.

ఆ "కళ్లలోకి చూసి" అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను.

అబద్ధమాడేవాడు చూపు తిప్పుకుంటాడని మన పెద్దవాళ్లంటారు. 2006లో వచ్చిన ఒక పరిశోధనలో 58 దేశాల జనాన్ని అడిగితే, వాళ్లు కూడా ఎక్కువగా అదే చెప్పారు. కానీ అదే ఏడాది బాండ్, డిపాలో అనే పరిశోధకులు పాత అధ్యయనాలు కలిపి లెక్క తీశారు. ఎదుటివాడి మాట నిజమో అబద్ధమో మనుషులు సరిగ్గా పట్టగలిగింది నూటికి 54 సార్లే. బొమ్మా బొరుసూ వేసినా 50 వస్తాయి కదా!

ఒకే అపార్ట్‌మెంట్‌లో అంతమందా?

మా సన్నీవేల్ పేరు కూడా ఇలాంటి ఒక పెద్ద అబద్ధంలోకి ఎక్కింది. ఇక్కడి బే ఏరియాలోనే, ప్లెజంటన్‌లో ట్రైవ్యాలీ యూనివర్సిటీ అని ఉండేది. 2009లో విదేశీ విద్యార్థులను చేర్చుకోవడానికి దానికి అనుమతి వచ్చింది. 2011 జనవరిలో అధికారులు దాడి చేసేనాటికి 1,500 మందికి పైగా విద్యార్థులున్నారు. వాళ్లలో ఎక్కువమంది మన తెలుగు పిల్లలే. రికార్డులు తిరగేస్తే, సగం మందికి పైగా సన్నీవేల్‌లో ఒకే ఒక్క అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నట్టు రాసుంది! నిజానికి వాళ్లు దేశమంతటా చెల్లాచెదురుగా ఉన్నారు.

కొత్తవాళ్లను చేర్పిస్తే ఫీజులో వాటా ఇచ్చేవారు. కాబట్టి ఆ కాలేజీ గురించి గొప్పగా చెప్పింది ఎవరో కొత్తవాడు కాదు, మన సీనియరో రూమ్మేటో అయ్యుండొచ్చు. వాడూ మోసపోయినవాడే కావచ్చు. చివరికి కొందరు పిల్లల కాళ్లకు రేడియో ట్యాగులు తగిలించారు. భారత ప్రభుత్వం దానికి అభ్యంతరం చెప్పింది. స్థాపకురాలు సూసన్ సు 2014లో 31 అభియోగాల్లో దోషిగా తేలింది. 16 ఏళ్ల 6 నెలల శిక్ష పడింది.

ఇంతైనా మనవాళ్లు మళ్లీ పడ్డారు. మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీని ఇమ్మిగ్రేషన్ అధికారులే వల పన్ని నడిపారు. టీచర్లు లేరు, క్లాసులు లేవు. పేరు మాత్రం ప్రభుత్వ జాబితాలో ఉంది. 2019 జనవరిలో బయటపడినప్పుడు పట్టుబడిన 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులే.

తూకం గుండు వేయండి

డిప్లొమాలో మా సార్ ఒక మాట అనేవారు: "గోడ నిలువుగా ఉందా అని మేస్త్రిని అడక్కు, తూకం గుండు వేసి చూడు." కిందటేడు ఒక సబ్‌కాంట్రాక్టర్ మనిషి "ఇన్‌స్పెక్టర్ స్టీలు చూసి వెళ్లాడు, కాంక్రీట్ పోసేయొచ్చు" అన్నాడు. నవ్వుతూ, నా కళ్లలోకి చూస్తూనే అన్నాడు. ఇన్‌స్పెక్షన్ కార్డ్ చూపించమన్నాను. సంతకం ఉండాల్సిన గడి ఖాళీ! వాడి ముఖం చూసి ఉంటే నేనూ నమ్మేవాణ్ణే.

అందుకే తమ్ముడికి మూడే ప్రశ్నలు రాసిచ్చాను. ఏ క్లాసు, ఏ రోజు, ఎవరు చెబుతారు? కాలేజీకి గుర్తింపు ఇచ్చిన సంస్థ ఏది, అమెరికా విద్యాశాఖ జాబితాలో ఆ పేరు నువ్వే వెతికి చూశావా? చేరిన రోజు నుంచే పని అన్నారు కదా, ఆ పనికీ నీ చదువుకీ ఉన్న సంబంధం ఏంటో కాగితం మీద రాసిస్తారా? జాబితాలో పేరుంటే చాలదని ఫార్మింగ్టన్ నేర్పింది కాబట్టి, మొదటి ప్రశ్నే అన్నిటికంటే ముఖ్యం అని మరీ మరీ చెప్పాను. ఎఫ్-1 వీసా మీద వచ్చినవాళ్లు పూర్తిస్థాయిలో చదవాలి. "క్లాసులకు వెళ్లక్కర్లేదు" అన్న మాట దగ్గరే గోడ వంకర తెలిసిపోతుంది.

వారం తర్వాత మళ్లీ ఫోన్. "అన్నయ్యా, మొదటి ప్రశ్న అడగ్గానే ఆయన కోప్పడ్డాడు. నమ్మకం లేకపోతే మానేయ్, నీ సీటుకి పదిమంది ఉన్నారు అన్నాడు."

నిజం చెప్పేవాడికీ కోపం రావచ్చు. కానీ కోపం జవాబు కాదు కదా.

కాసేపు ఆగి తమ్ముడన్నాడు: "నాకూ అనుమానంగానే ఉండింది. కానీ నిజమైతే బావుండు అనిపించింది." అసలు సంగతి అదే! అబద్ధం సగం వాడు చెబుతాడు, మిగతా సగం మన ఆశ పూర్తి చేస్తుంది. ఎదుటివాడి కళ్లు చూసే ముందు మన ఆశను చూసుకోవాలి.

ప్రస్తుతానికి పొలం తాకట్టు పడలేదు. వచ్చే ఏడాదికి తమ్ముడు వేరే కాలేజీలు చూస్తున్నాడు. పిన్ని మాత్రం "చేతికొచ్చిన సీటు పోగొట్టావు" అని నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. ఫర్వాలేదు, అలక తీరుతుంది. పోయిన పొలం మాత్రం తిరిగి రాదు.