బాగు చేయించనా, వదిలేయనా?

మొన్న నవంబరులో మన సంఘం దీపావళి కార్యక్రమానికి వచ్చిన వారిలో కనీసం పదిమంది నన్ను ఒకటే ప్రశ్న అడిగారు. "డాక్టరుగారూ, మీ ఎర్ర కారేదీ?" అందరికీ ఒకటే జవాబు చెప్పాను. "జింక అడ్డొచ్చిందండీ." అది అబద్ధం కాదు, అలాగని పూర్తి నిజమూ కాదు. మిగిలిన సగం రాయమని సంపాదకులు అడగలేదు, నా మనసే అడిగింది. పనిలో పనిగా ఇన్సూరెన్సు సంగతులు నాలుగు చెబితే మనవాళ్ళకు ఉపయోగపడతాయని కూడా ఆశ.

ముందు కారు గురించి. అది 1992 మోడల్ మాజ్డా మియాటా. రెండే సీట్లు, మడిచే గుడ్డ టాపు, చేత్తో వేసే గేర్లు. కళ్ళు తెరిచినట్టు పైకి లేచే హెడ్‌లైట్లు. 1989 ఫిబ్రవరిలో చికాగో ఆటో షోలో మాజ్డా వాళ్ళు మొదటిసారి ఈ కారును చూపించారు. ఇంజను 1.6 లీటర్లే, 116 గుర్రాల శక్తి. ఈనాటి మామూలు కుటుంబం కారుకు కూడా అంతకంటే ఎక్కువ బలం ఉంటుంది. కానీ బండి మొత్తం బరువు 2,200 పౌండ్లకు కాస్త అటూ ఇటూ. అందుకే మలుపులో తిప్పితే చెప్పిన మాట వింటుంది. గుర్రమూ రౌతూ ఒక్కటైనట్టు ఉండాలన్నది దాన్ని తయారుచేసిన జపానువారి ఆలోచన. 2016 ఏప్రిల్‌లో పది లక్షలవ మియాటా తయారైంది.

రెసిడెన్సీ అయ్యాక, చెల్లెలి పెళ్ళి అప్పు తీరాక, నాకంటూ నేను కొనుక్కున్న మొదటి వస్తువు అది. ఒక రిటైరైన స్కూలు మాస్టారు దగ్గర 5,200 డాలర్లకు కొన్నాను. ఇద్దరికి మాత్రమే చోటున్న కారెందుకని మా ఆవిడ అప్పట్లో అడిగింది. నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. ఆ తర్వాత ఒక ఆదివారం టాపు దించి చెరువు పక్క రోడ్డు మీద తిప్పి తీసుకొచ్చాను. మళ్ళీ అడగలేదు.

ఇక ప్రమాదం. శుక్రవారం ఉదయం ఏడు దాటింది. రాత్రి డ్యూటీ ముగించుకుని ఇంటికి వస్తున్నాను. ఇంకా సరిగా తెల్లవారలేదు. ఒహాయోలో నవంబరు అంటే జింకలు జత కట్టే కాలం. తెల్లవారుజామున, మునిమాపున రోడ్ల మీదికి వస్తాయి. కుడిపక్క పొదలోంచి ఒకటి బయటికొచ్చింది. నేను స్టీరింగు ఎడమకు కోసి, మళ్ళీ కుడికి తిప్పాను. బండి ముందు కుడి మూల గార్డ్ రెయిలుకు ఒరుసుకుని ఆగింది. జింకకు ఏమీ కాలేదు. నాకు బెల్టు కింద ఛాతీ మీద ఒక చార కమిలింది, అంతే. కుడి హెడ్‌లైటు తెరుచుకుని అలాగే బిగుసుకుపోయింది. పోలీసు వచ్చేదాకా ఆ ఒంటికన్నుతో నన్నే చూస్తున్నట్టనిపించింది.

ఇక్కడొక ముఖ్య విషయం. జింకను నేరుగా ఢీకొంటే ఆ నష్టం సాధారణంగా కాంప్రిహెన్సివ్ కింద వస్తుంది. జింకను తప్పించబోయి గార్డ్ రెయిలుకో చెట్టుకో తగిలితే అది కొలిజన్. రెండింటికీ మన చేతినుంచి పడే డిడక్టిబుల్ వేరుగా ఉండవచ్చు, ఆ తర్వాత ప్రీమియం మీద పడే ప్రభావమూ వేరే. పాత కారు కదా అని కొలిజన్ తీసేసిన మిత్రులు మనలో ఉన్నారు. అలాంటివాళ్ళు తప్పించబోయి చెట్టుకు కొట్టుకుంటే కారు ఖర్చంతా వాళ్ళదే. అసలు తప్పించబోవడమే తప్పు. జింక కనిపిస్తే మన వరుసలోనే ఉండి, స్టీరింగు నిటారుగా పట్టుకుని, గట్టిగా బ్రేకు తొక్కాలి. ఈ సంగతి నాకు అంతకు ముందే తెలుసు. ఎందుకు చేయలేదన్నదే ఈ వ్యాసం.

నాలుగో రోజున ఇన్సూరెన్సు మనిషి ఫోను చేసి "టోటల్" అన్నాడు. ఆ మాట వినగానే శవపరీక్ష రిపోర్టు చదివి వినిపించినట్టయింది. లెక్క చూస్తే మాత్రం అందులో వైద్యమేమీ లేదు, ఉన్నదంతా వ్యాపారం. ప్రమాదానికి ముందు కారు విలువ 7,400 డాలర్లని కట్టారు. బాగుచేతకు 6,300 అంచనా వేశారు. ఉన్నదున్నట్టు తుక్కుకు అమ్మితే 1,500 వస్తుంది. బాగుచేత, తుక్కు కలిపితే 7,800. అది 7,400 దాటింది కనుక టోటల్! న్యూయార్క్‌లో బాగుచేత ఖర్చు విలువలో 75 శాతానికి చేరితే చాలు, టెక్సాస్‌లో నూరు శాతం కావాలి. మా ఒహాయోలో చట్టం శాతమేదీ పెట్టలేదు, పైన చెప్పిన కూడికే. అంటే ఒకే కారు, ఒకే దెబ్బ, రాష్ట్రం మారితే బతకవచ్చు, చావవచ్చు.

ఆ రాత్రి గుంటూరుకు ఫోను చేస్తే నాన్నగారు నవ్వారు. "మన చేతక్ ఈ లెక్కన ఎన్నిసార్లు చచ్చిపోయి ఉండాలిరా?" అన్నారు. మా బజాజ్ చేతక్ ఇరవై రెండేళ్ళు నడిచింది. పొద్దున్నే స్టార్టు కాకపోతే పక్కకు వంచి, మళ్ళీ నిలబెట్టి, కిక్కు కొట్టేవారు. బ్రాడీపేట మెకానిక్కు దాని ఇంజను ఎన్నిసార్లు విప్పాడో లెక్కలేదు. అక్కడ మనిషి చేతిపని చవక, వస్తువు ఖరీదు. అందుకని బాగుచేసుకుంటూ బతికాం. ఇక్కడ వస్తువు చవక, మనిషి గంట ఖరీదు. అందుకని పారేస్తారు. ఇందులో వాళ్ళ దుబారా కానీ మన పొదుపు కానీ పెద్దగా లేవు. లెక్క తలకిందులైంది, అంతే.

"టోటల్" అన్నంత మాత్రాన కారు ఇచ్చేయాలని లేదు. ఉంచుకుంటానంటే తుక్కు విలువా, డిడక్టిబులూ తగ్గించి మిగతా డబ్బు ఇస్తారు. నాకు 7,400లో 1,500, మరో 500 పోను 5,400 వస్తుంది. మరి బాగు చేయించనా, వదిలేయనా?

వైద్యుణ్ణి కనుక ముందు ఎముకల సంగతి అడిగాను. ఈ కారుకు విడిగా ఛాసిస్ ఉండదు. రేకు బాడీయే ఎముకల గూడు. ముందుభాగం దెబ్బ తగిలినప్పుడు తాను మడతపడి, ఆ శక్తిని తాను మింగి, లోపలున్న మనిషిని కాపాడాలి. ఈ ఆలోచనకు 1952లో పేటెంటు పొందినవాడు మెర్సిడెస్ ఇంజనీరు బేలా బారెనీ. 1959 నుంచి అది ఆ కంపెనీ కార్లలోకి వచ్చింది. కనుక ముందు రెయిలు వంకరగా ఉంటే చూపుకు బాగుండదన్నది కాదు బాధ. ఇంకోసారి దెబ్బ తగిలితే అది సరైన చోట మడవకపోవచ్చు.

బాడీ షాపు ముసలాయన బండిని బెంచికి బిగించి, కంపెనీ ఇచ్చిన కొలతలతో పోల్చి చూశాడు. కుడి రెయిలు 8 మిల్లీమీటర్లు లోపలికి జరిగింది. "వంగితే లాగుతాం, మడత పడితే కోసి కొత్తది వేస్తాం. ఇది వంగింది" అన్నాడు. బాలకుల పచ్చి ఎముక వంగినట్టన్న మాట. ఫెండరు, హుడ్, రేడియేటరు, చక్రం దగ్గరి కంట్రోల్ ఆర్మ్ మార్చాలి. ఎయిర్‌బ్యాగ్ విచ్చుకోలేదు కనుక బతికిపోయాను. అది విచ్చుకుని ఉంటే ఖర్చు ఇంకా ఎంతో పెరిగేది. సామాను దొరకడానికి కష్టం లేదు. ఇలాంటి కార్లు లక్షల్లో ఉన్నాయి మరి.

ఇంటికొచ్చి ఈ కొలతలన్నీ ఉత్సాహంగా మా ఆవిడకు వర్ణించాను. పాపకు జడ వేస్తూ చివరిదాకా వింది. తర్వాత అంది: "కారు బాగు చేయించుకోండి, నేనేమీ వద్దనను. ముందు నాకొక్క సంగతి చెప్పండి. జింక వచ్చిందా, నిద్ర వచ్చిందా?"

నేను వెంటనే జవాబు చెప్పలేదు. చెప్పలేదంటే చెప్పినట్టే కదా!

అది వరసగా నాలుగో రాత్రి డ్యూటీ. గురువారం పొద్దున్న ఇంటికొచ్చి రెండు గంటలు పడుకుని లేచాను. మధ్యాహ్నమంతా ఒక మిత్రుని గరాజులో మన దీపావళి స్టేజికి తెర కట్టాం. అక్కడినుంచే ఆసుపత్రికి వెళ్ళాను. శుక్రవారం ఉదయానికి ఇరవై గంటలుగా మెలకువగా ఉన్నాను. జింక వచ్చిన మాట నిజమే. కానీ అంతకు ముందు రెండు మైళ్ళు ఎలా వచ్చానో నాకు గుర్తు లేదు. నిద్రమత్తులో ఉన్నవాడు ఉలిక్కిపడి స్టీరింగు తిప్పుతాడు. మెలకువగా ఉన్నవాడు బ్రేకు తొక్కుతాడు.

రోగులకు చెప్పే సంగతులే నాకు నేను చెప్పుకోలేదు. ఇరవై నాలుగు గంటలు మెలకువగా ఉన్న మనిషి చేతి ఒడుపు రక్తంలో 0.10 శాతం మద్యం ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని 1997లోనే తేల్చారు. ఇక్కడ చట్టం ఒప్పుకునే హద్దు 0.08. ఇరవై నాలుగు గంటలు దాటిన డ్యూటీ తర్వాత ఇళ్ళకు వెళ్ళే ఇంటర్న్‌లకు రోడ్డు ప్రమాదాలు రెట్టింపుకు మించి జరుగుతున్నాయని 2005లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ప్రచురించింది. ఆ వ్యాసాన్ని నేను మా జూనియర్లకు ఇచ్చి చదివించాను కూడా!

ఇంకొకటి ఉంది. 1992 మియాటాకు డ్రైవరు వైపే ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది. రెండో వైపుది 1994 మోడల్ నుంచి వచ్చింది. గార్డ్ రెయిలుకు తగిలింది ఆ రెండో వైపు. ఆదివారాలు మా ఆవిడ కూర్చునే చోటు. ఆ రోజు ఆ సీట్లో నా టిఫిన్ డబ్బా మాత్రమే ఉంది. దాని మూత ఊడి పులిహోర కింద పడింది. షాపువాళ్ళు తివాచీ ఎత్తి చూపిస్తే ఎండిన మెతుకులు కనిపించాయి. నేను కొలతలు రాసుకున్న కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

మూడు రోజులు కారు వదిలేద్దామనే అనుకున్నాను. తప్పు నాది, శిక్ష కారుకు వేయడం ఏం న్యాయమని తర్వాత తోచింది. కారు పోయినంత మాత్రాన నిద్రమత్తు పోదు. మా ఇంకో కారులో కూడా అలాగే వస్తాను. అందుకని రెండు నిర్ణయాలు వేర్వేరుగా తీసుకున్నాం.

మొదటిది, కారు బాగు చేయించడం. విప్పాక లోపల దాగిన దెబ్బలు బయటపడి 6,300 కాస్తా 6,900 అయింది. అంటే చేతినుంచి 1,500 పడింది. లాగిన రెయిలు ఇప్పుడు రెండు మిల్లీమీటర్ల లోపు తేడాలో ఉంది. ఆ కొలతల కాగితం అడిగి తీసుకున్నాను. మీరూ తప్పక అడగండి. ఒహాయోలో ఇలాంటి కారుకు ముందు సాల్వేజ్ టైటిల్ వస్తుంది. బాగు చేశాక స్టేట్ హైవే పెట్రోల్ వారి దగ్గరికి తీసుకెళ్ళి, కొన్న ప్రతి సామాను రసీదూ చూపించాలి. వాళ్ళు చూసేది ముఖ్యంగా దొంగసామాను వాడారా అని, బండి భద్రత కాదు. ఆ ముద్ర పడితే నిశ్చింత అనుకోవద్దు. ఆ తర్వాత ఇచ్చే టైటిల్ మీద తిరిగి కట్టిన బండి అన్న మాట శాశ్వతంగా ఉంటుంది. అమ్మబోతే ధర బాగా తగ్గుతుంది. పూర్తి ఇన్సూరెన్సు ఇవ్వడానికి కొన్ని కంపెనీలు ఒప్పుకోవు. అమ్మే ఉద్దేశం ఉన్నవాళ్ళు ఈ దారి పట్టకపోవడమే మేలు. ఇష్టంతో ఉంచుకునే పాత కారు ఉంటే, ప్రమాదం జరగక ముందే విలువ ఇంత అని ఒప్పుకుని రాసే పాలసీలు ఉన్నాయి, విచారించండి. నాకు ఆలస్యంగా తెలిసింది.

రెండోది మా ఆవిడ పెట్టిన షరతు. రాత్రి డ్యూటీకి ఎర్ర కారు వెళ్ళదు. ఏ కారులో వెళ్ళినా, డ్యూటీ దిగాక కళ్ళు బరువుగా ఉంటే అక్కడే కాల్ రూములో పడుకుని, లేచాక బయలుదేరాలి. ముందుగా ఇంటికి ఫోను చేయాలి. మన సంఘంలో నాలాంటి రాత్రి పక్షులు చాలామంది ఉన్నారు. డాక్టర్లు, నర్సులు, కంప్యూటర్లవాళ్ళు. తెర కట్టడానికి పిలిచేటప్పుడు ఎవరికి రాత్రి డ్యూటీ ఉందో అడిగి పిలుద్దామని కార్యవర్గానికి నా మనవి. పిలిచినా నేనే వద్దని ఉండాల్సింది, అది వేరే సంగతి.

కారు ఇప్పుడు గరాజులో గుడ్డ కప్పుకుని ఉంది. రోడ్ల మీద ఉప్పు కడుక్కుపోయాక ఏప్రిల్‌లో బయటికి తీస్తాను. ఈ నెలలో ఇప్పటికి మూడుసార్లు ఆసుపత్రిలోనే పడుకుని మధ్యాహ్నానికి ఇల్లు చేరాను. కాఫీ చల్లారిపోయిందని మా ఆవిడ సణిగింది. సణిగి, మళ్ళీ వేడిచేసి ఇచ్చింది.