తూటాలో మందు, టోపీ: ఎంపికలోని శాస్త్రం

ఒక కిలోగ్రాము ఊకను పొయ్యిలో వేసి పూర్తిగా కాల్చినప్పుడు వెలువడే వేడి, ఒక కిలోగ్రాము తుపాకిమందు కాలినప్పుడు వెలువడే వేడికి నాలుగైదు రెట్లు ఉంటుంది. కృష్ణా డెల్టాలో రైసుమిల్లు ఉన్నచోటల్లా ఊక గుట్టలుగా పడి ఉంటుంది. దానిని చూచి భయపడేవారు లేరు. తుపాకిమందు పొట్లం దగ్గరకు మాత్రం ఎవరూ నిప్పు తీసుకొనిపోరు. వేడి తక్కువైన పదార్థానికి ఇంత ప్రతాపం ఎక్కడి నుండి వచ్చినది?

ఊక కాలవలెనంటే గాలిలోని ఆమ్లజని దాని దగ్గరకు వచ్చి చేరాలి. గాలి వచ్చినంత వరకే మంట. తుపాకిమందు గాలి కోసం ఎదురుచూడదు. సురేకారం, గంధకం, బొగ్గు కలిసిన పాత నల్లమందులో సురేకారమే తన వెంట ఆమ్లజనిని తెస్తుంది. అందుచేత మూసిన గొట్టంలో కూడ అది కాలుతుంది. అతి త్వరగా కాలుతుంది. కాలగా పుట్టిన వేడి వాయువులు చోటు చాలక చుట్టూ ఉన్నదానిని నెట్టుతాయి. కనుక మందు బలాన్ని నిర్ణయించేది వేడి ఎంత అన్నది ఒక్కటే కాదు. ఎంత వేగంగా, ఎంత చోటులో అన్నవి అంతకంటె ముఖ్యం.

బెజవాడ కొండల పక్కన

కృష్ణానదికి అడ్డంగా బెజవాడ వద్ద మొదటి ఆనకట్టను 1852 - 1855 సంవత్సరాల మధ్య కట్టారు. నదికి ఇరువైపులా ఉన్న కొండలే ఆ పనికి రాతిని ఇచ్చాయి. డైనమైటు రావటానికి ఇంకా పన్నెండేళ్ళు ఉన్నది. అటువంటి రాతిపనికి ఆ రోజులలో లోకమంతటా వాడుకలో ఉన్నది నల్లమందే.

నల్లమందును బండమీద కుప్పగా పోసి అంటిస్తే భుస్సుమని మండి, పొగ మిగులుతుంది. బండకు మసి తప్ప మరేమీ అంటదు. అదే మందు రాతిలోని రంధ్రంలో, పైన మట్టి బిగించి ఉన్నప్పుడు బండను చీల్చుతుంది. మందు మారలేదు; చోటు మారినది. చోటు మూసుకొన్నప్పుడు పీడనం పెరుగుతుంది. పీడనం పెరిగినకొద్దీ మందు మరింత వేగంగా కాలుతుంది. వేగంగా కాలినకొద్దీ పీడనం మరింత పెరుగుతుంది. ఒకదానిని ఒకటి ఎగదోసే ఈ గుణమే తుపాకిమందు శాస్త్రానికి మూలం.

తుపాకి గొట్టం కూడ ఇటువంటి రంధ్రమే. కాని ఒక భేదమున్నది. రాతిపనిలో గోడలు పగలాలి. తుపాకిలో గోడలు నిలవాలి, గుండు మాత్రమే కదలాలి. గుండు ముందుకు జరిగేకొద్దీ దాని వెనుక చోటు పెరుగుతుంది. వాయువులు పుట్టే వేగం ఈ చోటు పెరిగే వేగానికి సరిపోయేటట్లు మందును ఎంచుకోవాలి.

గింజ పరిమాణమే పగ్గం

మన పల్లెలలో తాటాకుమంట అన్న మాట ఉన్నది. భగ్గున లేచి క్షణంలో ఆరిపోయేదానికి ఆ పేరు. తుమ్మమొద్దు అట్లా కాదు. నిదానంగా అంటుకొని తెల్లవార్లూ కాలుతుంది. రెండింటి భేదానికి ముఖ్యకారణం, మంటకు తగిలే ఉపరితలం. ఒక సెంటిమీటరు భుజం గల ఘనానికి 6 చదరపు సెంటిమీటర్ల ఉపరితలం ఉంటుంది. దానినే ఒక మిల్లీమీటరు భుజం గల వెయ్యి చిన్న ఘనాలుగా కోస్తే మొత్తం ఉపరితలం 60 చదరపు సెంటిమీటర్లు అవుతుంది. పదార్థం పెరగలేదు, కాలే ముఖం పది రెట్లయినది.

తుపాకిమందు గింజ పైనుండి లోపలికి పొరలు పొరలుగా కాలుతుందని ఫ్రెంచి సైనికాధికారి పియోబెర్ 1839లో చెప్పాడు. గింజ పలుచనైతే త్వరగా ముగుస్తుంది, మందమైతే ఆలస్యమవుతుంది. గింజకు నిలువునా రంధ్రాలు చేస్తే బయట ఉపరితలం తరుగుతున్నా లోపలి రంధ్రాల ఉపరితలం పెరుగుతుంది.

1884లో పాల్ వియ్యే ఫ్రాన్సులో పొగలేని మందును తయారుచేశాడు. దీనికి మూలం నత్రికామ్లంతో మార్పు చెందించిన దూది, అనగా నైట్రోసెల్యులోజు. నల్లమందు కాలినప్పుడు సగానికి పైగా ఘనపదార్థంగా మిగిలి పొగ, మసి అవుతుంది. పొగలేని మందు దాదాపు అంతా వాయువే అవుతుంది. కనుక అదే పనికి తక్కువ మందు చాలు. దీనిని పలుచని బిళ్ళలుగా, సన్నని గొట్టాలుగా, గుండ్రని గింజలుగా చేయవచ్చును. గింజ పైపొరలో దహనాన్ని మందగింపజేసే పదార్థాలను పట్టించవచ్చును. ఈ విధంగా తాటాకువంటి మందునూ తుమ్మమొద్దువంటి మందునూ ఒకే మూలపదార్థం నుండి పొందుతారు.

మాగ్నం తూటా చెప్పే పాఠం

రివాల్వరు తూటాలలో .38 స్పెషల్ అనే రకం 1898లో నల్లమందు కోసం రూపొందినది. అందుకే దాని ఇత్తడి గుల్ల పొడవైనది. తరువాత అదే గుల్లలో పొగలేని మందు వాడసాగారు. అది కొద్దిగానే చాలును కాబట్టి గుల్లలో చాలాభాగం ఖాళీగా ఉంటుంది. పొరపాటున రెండు మార్లు మందు పోసినా గుల్ల పొర్లదు. పోసినవారి కంటికి అది తెలియకపోవచ్చును. కాల్చినప్పుడు మాత్రం రివాల్వరు అర పగిలిపోవచ్చును. పాత మందుకు కొలిచిన పాత్ర కొత్త మందుకు ఇట్లా ప్రమాదకరమైనది.

1935లో అమెరికాలో .357 మాగ్నం తూటా వచ్చినది. గుండు వ్యాసం .38 స్పెషల్‌దే, పీడనం మాత్రం చాలా ఎక్కువ. ఆ దేశపు ప్రమాణాల ప్రకారం .38 స్పెషల్ పీడనానికి గరిష్ఠ పరిమితి చదరపు అంగుళానికి 17,000 పౌనులు; .357 మాగ్నంకు 35,000 పౌనులు. అనగా మన చుట్టూ ఉన్న వాతావరణ పీడనానికి సుమారు 2,400 రెట్లు. ఈ తూటా పాత, బలహీనమైన రివాల్వర్లలో దూరకుండా ఉండటానికి గుల్లను 3 మిల్లీమీటర్లకు పైగా పొడిగించారు. ఆ కొద్దిపాటి ఇత్తడే ఎన్నో చేతులను కాపాడినది.

మాగ్నంకు ఎటువంటి మందు తగును? త్వరగా కాలే మందును ఎక్కువగా పోస్తే, గుండు కదలకముందే పీడనం శిఖరానికి చేరి లోహాన్ని పగలగొడుతుంది. నిదానంగా కాలే మందును గుల్ల నిండుగా పోస్తే, పీడనం హద్దు దాటకుండానే గుండును ఎక్కువ దూరం నెట్టుతుంది. అందువల్ల మాగ్నంకు సాధారణంగా నిదానమైన మందును ఎంచుతారు. నిదానమైనది గదా అని దానిని బాగా తగ్గించి పోయటం కూడ క్షేమం కాదు. సగం ఖాళీగా ఉన్న గుల్లలో అది సరిగా అంటుకోక, గుండు గొట్టం మధ్యలోనే నిలిచిపోవచ్చును. దాని వెనుక మరొక గుండును పేల్చితే గొట్టమే చీలుతుంది.

టోపీ చేసే పని

మందును అంటించేది తూటా అడుగున ఉండే టోపీ. దీనినే ప్రైమరు అంటారు. ఇందులో దెబ్బకు పేలే పదార్థం కొద్దిగా ఉంటుంది. పాదరసపు ఫల్మినేటును 1800లో ఎడ్వర్డ్ హోవర్డ్ వివరించాడు. దెబ్బతో తుపాకిని పేల్చే పద్ధతికి స్కాట్లండు మతబోధకుడు ఫోర్సైత్ 1807లో పేటెంటు పొందాడు. నేటి టోపీలలో ఎక్కువగా సీసపు సమ్మేళనాలు వాడుతున్నారు.

తాటాకుకు అగ్గిపుల్ల చాలును. తుమ్మమొద్దుకు చితుకులమంట కావాలి. అదే విధంగా, పైపొరలో మందగింపు పదార్థం పట్టిన నిదానపు మందుకు ఎక్కువ వేడిగల, ఎక్కువసేపు నిలిచే జ్వాల కావాలి. దానికోసమే మాగ్నం టోపీలు పుట్టాయి. త్వరగా కాలే మందుకు ఈ బలమైన టోపీని తగిలిస్తే పీడనం అవసరానికి మించి పెరగవచ్చును. మందు, టోపీ, గుండు బరువు, గుల్లలోని చోటు, ఈ నాలుగూ కలిసి ఒకే లెక్క. ఒకదానిని మార్చితే లెక్కంతా తిరిగి చేయాలి. ఆ లెక్కను చేసేది పీడనమాపకాలు గల ప్రయోగశాల. కన్నూ చెయ్యీ కావు.

వాతావరణం కూడ ఈ లెక్కలోనిదే. పొగలేని మందు వేడెక్కినప్పుడు మరింత వేగంగా కాలుతుంది. చలిదేశంలో హద్దులో ఉన్న తూటా, విజయవాడ మే నెల ఎండలో మూసిన కారులో పడి ఉంటే హద్దు దాటవచ్చును. నల్లమందుకు మరొక శత్రువు మన డెల్టాలోని తేమ.

అమెరికా వంటి దేశాలలో తూటాలను ఇంటివద్ద నింపుకొనేవారు ఉన్నారు. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మందుగుండును తయారుచేయటం నేరం.

ఉపాధ్యాయులకు ఒక మాట

ఈ శాస్త్రం తుపాకులు చూడని విద్యార్థులకు కూడ అవసరమే. దీపావళి మరునాడు పేలని టపాకాయలను ఏరి, వాటిలోని మందును ఒక డబ్బాలోనికి పోగుచేసే పిల్లలు ఉంటారు. విడివిడిగా భుస్సుమన్న మందు డబ్బాలో కూడ భుస్సుమంటుందని వారి ఊహ. ఆనకట్ట నాటి రాతిపనిని గుర్తుచేసి, చోటు మూసుకొంటే ఏమవుతుందో వారికి చెప్పాలి. పేలని టపాకాయను నీటిలో నానబెట్టవలెనే గాని విప్పరాదు.

ఉపరితలం సంగతిని నిప్పు లేకుండానే తరగతిలో చూపవచ్చును. సమాన బరువు గల కోడిగుడ్డు పెంకులను రెండు భాగాలు చేసి, ఒకదానిని అట్లే ఉంచి, రెండవదానిని మెత్తగా నూరి, రెండు వెడల్పు గ్లాసులలో వేయండి. రెండింటిలోనూ సమానంగా వెనిగర్ పోయండి. నూరిన పొడి వెంటనే బుసబుస పొంగుతుంది. పెంకుముక్కలు నెమ్మదిగా బుడగలు వదులుతాయి. రెండు గ్లాసులలోనూ పదార్థం ఒకటే, బరువు ఒకటే. మరి భేదమెక్కడిదని విద్యార్థులనే అడగండి.