నెత్తిన పడనివే అసలు గండం

2022 ఏప్రిల్ 2, ఉగాది. పొద్దుగూకిన కాసేపటికే గుజరాత్ నుంచి విదర్భ దాకా ఆకాశంలో నిప్పుల చారలు సాగిపోయాయి. కొందరు ఉల్కలన్నారు, ఇంకొందరు విమానమేదో కాలిపోతోందన్నారు. ఆ రాత్రే చంద్రపూర్ జిల్లా సిందేవాహి తాలూకా లాడ్‌బోరి గ్రామంలో మూడు మీటర్ల అడ్డకొలత ఉన్న లోహపు రింగు ఒకటి దొరికింది. సుమారు నలభై కిలోల బరువు. ఆ చారలూ, ఈ రింగూ 2021 ఫిబ్రవరిలో ఎగిరిన చైనా లాంగ్ మార్చ్ 3బి రాకెట్ పైదశ ముక్కలు కావచ్చని నిపుణులు లెక్కగట్టారు. ఇస్రో వాళ్లు వచ్చి చూసిపోయారు.

బెల్లంపల్లికి ఇది ఎక్కడో జరిగిన ముచ్చట కాదు. కాజీపేట–బల్లార్షా రైలు మార్గం మీదున్న ఊరు మనది. లాడ్‌బోరి ఇక్కడికి నేరుగా కొలిస్తే 140 కిలోమీటర్లకు అటూ ఇటూ. కక్ష్యలో తిరిగే వస్తువుకు అది ఇరవై సెకన్లు కూడా పట్టని దూరం!

అన్నిటికంటే ఎక్కువ భయపెట్టింది

భయపెట్టడంలో స్కైలాబ్‌ను కొట్టింది లేదు. 77 టన్నుల అమెరికా అంతరిక్ష కేంద్రం 1979 జూలైలో అదుపు తప్పి కిందికొస్తోందని రేడియో చెప్పేసరికి తెలుగు పల్లెలు వణికిపోయాయి. ఎలాగూ పోయేవాళ్లమే కదా అని కోళ్లనూ మేకలనూ కోసుకు తిన్నవాళ్ల కథలు పెద్దలు ఇప్పటికీ చెబుతారు. పిల్లలకు స్కైలాబ్ అని పేరు పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. ఉమ్మడి కరీంనగర్ జిల్లా బండలింగంపల్లిలో ఆ రోజులు ఎలా గడిచాయో ఊహించి 2021లో ‘స్కైలాబ్’ అని సినిమా కూడా తీశారు.

చివరికి జూలై 11న అది హిందూ మహాసముద్రంలోనూ పశ్చిమ ఆస్ట్రేలియాలోనూ పడింది. ఎవరికీ ఏమీ కాలేదు. రోడ్ల పక్కన చెత్త పారేశారంటూ అక్కడి ఎస్పెరెన్స్ స్థానిక పాలక మండలి నాసాకు 400 డాలర్ల జరిమానా వేసింది. ముప్పై ఏళ్ల తర్వాత, 2009లో, ఒక అమెరికా రేడియో వ్యాఖ్యాత శ్రోతల దగ్గర చందాలు పోగుచేసి కట్టాడు.

నవ్వుకునే ముందు ఇంకో సంగతి. 2023 జూలైలో అదే పశ్చిమ ఆస్ట్రేలియాలో గ్రీన్ హెడ్ తీరానికి మనిషి కంటే ఎత్తున్న ఒక రాగిరంగు డబ్బా కొట్టుకొచ్చింది. అది పీఎస్‌ఎల్‌వీ రాకెట్ మూడో దశే అయ్యుండొచ్చని ఆస్ట్రేలియా అంతరిక్ష సంస్థ తేల్చింది. మన శ్రీహరికోట సరుకే! దానికి మాత్రం ఎవరూ చలానా రాయలేదు.

పడితే ఎంత ప్రమాదం? అంతరిక్ష చెత్త తగిలిన మనిషిగా రికార్డుల్లో చెప్పుకునేది ప్రధానంగా ఒక్క ఆవిడనే. 1997లో అమెరికాలోని టల్సాలో రాకెట్ ముక్క ఒకటి ఆమె భుజాన్ని తాకింది. దెబ్బ తగల్లేదు. బొగ్గు బాయిలో రూఫ్ ఫాల్‌లను చూసిన సింగరేణి కార్మికుడికి ఇదొక లెక్కలోకి రాదు. నన్నడిగితే స్కైలాబ్ నాడు మనం భయపడింది తప్పు దిక్కున. పడిపోయేది ఒకసారి పడి ఊరుకుంటుంది. పడనిదే పీడ.

అన్నిటికంటే పాతది

1958 మార్చి 17న అమెరికా వదిలిన వాన్‌గార్డ్-1 ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. కిలోన్నర కూడా లేని బుల్లి గోళం. మాట్లాడటం మానేసి ఆరు దశాబ్దాలైంది. అంత ఎత్తున గాలి దాదాపు ఉండదు కాబట్టి దాన్ని కిందికి లాగేది లేదు. ఇలాంటివీ, వీటి ముక్కలూ కలిపి ఒక సెంటీమీటరు దాటినవే పది లక్షల పైచిలుకు ఉంటాయని అంచనా. గంటకు 28 వేల కిలోమీటర్ల వేగంతో వచ్చే చిన్న బోల్టు కూడా ఉపగ్రహాన్ని తుక్కు చేయగలదు.

2009 ఫిబ్రవరి 10న సైబీరియా మీద జరిగింది ఇలాంటిదే, కాకపోతే రెండు నిండు ఉపగ్రహాల మధ్య. పనిచేస్తున్న ఇరిడియం-33ను చచ్చిన రష్యా కాస్మోస్-2251 గుద్దింది. రెండు వేలకు పైగా ముక్కలు లేచాయి. ఒక ఢీ నుంచి ఇంకో ఢీ పుడుతుందని నాసా శాస్త్రవేత్త డొనాల్డ్ కెస్లర్ 1978లోనే హెచ్చరించాడు.

మన ఖాతాలోవి

2001 అక్టోబరులో శ్రీహరికోట నుంచి ఎగిరిన పీఎస్‌ఎల్‌వీ-సి3 ఉపగ్రహాలను చక్కగా వదిలింది. డిసెంబరులో దాని నాలుగో దశ పైనే పేలి మూడొందలకు పైగా ముక్కలైంది. పని ముగిసిన రాకెట్‌లో ఇంధనం మిగిల్తే ఎప్పుడో ఒకప్పుడు పేలొచ్చు. అందుకే ఇప్పుడు పని కాగానే ట్యాంకులు ఖాళీ చేసేస్తారు.

2019 మార్చి 27న మిషన్ శక్తిలో మన క్షిపణి మన ఉపగ్రహాన్నే కొట్టింది. అప్పటి డీఆర్‌డీవో అధిపతి నెల్లూరు జిల్లాకు చెందిన జి.సతీష్‌రెడ్డి. కొట్టింది సుమారు 300 కిలోమీటర్ల ఎత్తులో కాబట్టి ముక్కల్లో ఎక్కువ భాగం త్వరగానే గాలిలోకి దిగి కాలిపోయాయి. చైనా 2007లో ఇదే పని 850 కిలోమీటర్లకు పైన చేసింది. మూడు వేలకు మించి ముక్కలు లేచాయి. చెత్త పోగేయడంలో ఇప్పటికీ రికార్డు అదే. ఆ ముక్కల్లో చాలావరకు ఇంకా పైనే ఉన్నాయి.

ఈ ముక్కల మధ్య దారి వెతుక్కునే పరిస్థితి ప్రయోగాల దాకా వచ్చింది. 2023 జూలై 14న చంద్రయాన్-3ను అనుకున్నదానికంటే నాలుగు సెకన్లు ఆపి వదిలారు, పైన ఏదో ఎదురొస్తుందని. ఆ నెలలోనే పీఎస్‌ఎల్‌వీ-సి56 ఉదయం 6.30కి బదులు 6.31కి లేచింది. ఆ ఒక్క ఏడాదే ఇస్రో తన ఉపగ్రహాలను 23 సార్లు పక్కకు తప్పించింది.

దీనికి విరుగుడు, కావాలని పడేయడమే. 2011లో వదిలిన మేఘా-ట్రోపిక్స్ ఉపగ్రహంలో మిగిలిన ఇంధనంతోనే దాన్ని కిందికి దించి 2023 మార్చి 7న పసిఫిక్ మీద కాల్చేశారు. అలా దించేందుకు తయారు చేసింది కాదది. నాకైతే చంద్రయాన్ కంటే ఇదే గొప్ప విద్యగా తోస్తుంది. 2024 జనవరి 1న ఎగిరిన పీఎస్‌ఎల్‌వీ నాలుగో దశను పారేయకుండా ‘పోయెమ్-3’ అని ప్రయోగశాలగా వాడుకున్నారు. హైదరాబాద్ ధ్రువ స్పేస్ పరికరం కూడా అందులో ఉంది. ఆ దశను 650 కిలోమీటర్ల నుంచి 350కి దించేసరికి మార్చి 21న తనంతట తానే కాలిపోయింది. 2030 కల్లా తమ ప్రయోగాలేవీ పైన చెత్త మిగల్చకూడదని ఇస్రో లక్ష్యం పెట్టుకుంది.

చేన్లో పడితే?

1978లో సోవియట్ అణు ఉపగ్రహం కాస్మోస్-954 కెనడాలో పడింది. కెనడా అరవై లక్షల డాలర్లు అడిగింది, 1981లో ముప్పై లక్షలకు ఒప్పందం కుదిరింది. 1972 నాటి అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం నేల మీద జరిగే నష్టానికి పంపిన దేశమే బాధ్యురాలు. వస్తువు కూడా ఆ దేశానిదే, అడిగితే తిరిగి ఇవ్వాలి. కాబట్టి లాడ్‌బోరి రింగు లాంటిది ఎప్పుడైనా మీ పత్తి చేన్లో పడితే ముట్టుకోకండి, ట్యాంకుల్లో విష ఇంధనం మిగిలి ఉండొచ్చు. పోలీసులకో తహసీల్దారుకో చెప్పండి. నలభై కిలోల మంచి లోహమని పాత ఇనుప సామాన్ల వాడికి మాత్రం తూకానికి వేయకండి.