చర్మాన్ని చదివితే కొలువు!

యారాడ బీచ్‌లో మిట్టమధ్యాహ్నం తిరిగొస్తే చర్మం కందిపోతుంది కదా! అదీ ఒక రకం ఇన్‌ఫ్లమేషనే. రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. సోరియాసిస్‌లో మాత్రం అంత తేలిగ్గా తగ్గదు.

తేడా ఎక్కడుంది? కణాల ఉపరితలంపై ఉండే రిసెప్టర్లలో కొంత కనిపిస్తుంది. ఇవి సంకేతాలను అందుకునే సెన్సర్లన్నమాట. ఆరోగ్యంగా ఉన్న చర్మంలో ఈజీఎఫ్‌ఆర్ రిసెప్టర్ ఎక్కువగా అడుగు పొరలోనే ఉంటుంది. సోరియాసిస్‌లో పై పొరల్లోనూ కనిపిస్తుంది. కొన్ని మందులకూ ఇలాంటి రిసెప్టర్లే గురి. సోరియాసిస్‌కు 2013లో మన దేశంలో అనుమతి పొందిన బయోకాన్ మందు ఇటోలిజుమాబ్, టి-కణాలపై ఉండే సీడీ6కు అతుక్కుంటుంది.

ఇందులో మనకేం పని అంటారా? ఈ తేడాను ఎవరో ఒకరు కొలవాలిగా! ఫ్లో సైటోమెట్రీ ఒక్కో కణంపై రిసెప్టర్లు ఎంత ఉన్నాయో చెబుతుంది. ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ ఏ పొరలో ఉన్నాయో చూపిస్తుంది. ఆ డేటాను విశ్లేషించడానికి పైథాన్, ఆర్ పనికొస్తాయి. కాబట్టి బయోటెక్, ఫార్మసీ వాళ్లే కాదు, సీఎస్‌ఈ వాళ్లూ ప్రయత్నించొచ్చు.

ఇంటర్వ్యూకి వెళ్లేముందు ఒకటి గుర్తుపెట్టుకోండి. జన్యువు ఆర్‌ఎన్‌ఏ ఎక్కువున్నంత మాత్రాన రిసెప్టర్ కణం పైకి చేరినట్టు కాదు. ప్రొటీన్‌ను విడిగా కొలవాల్సిందే.

హ్యూమన్ ప్రొటీన్ అట్లాస్‌ను ఉచితంగా చూడొచ్చు. అందులో ఈజీఎఫ్‌ఆర్ అని వెతికి, చర్మం చిత్రాలు తెరవండి. మినీ ప్రాజెక్టు అక్కడి నుంచే మొదలుపెట్టేయండి!