అడవినాభి

తొలకరి జల్లులు పడగానే చిట్టడవులలో, చేల కంచెలలో ఒక తీగ నేలను చీల్చుకొని పైకి లేస్తుంది. అదే అడవినాభి. అగ్నిశిఖ, పొత్తిదుంప అని కూడా అంటారు. 1753లో లిన్నేయస్ దీనికి గ్లోరియోసా సూపర్బా అని శాస్త్రీయనామం పెట్టాడు. తమిళనాడుకు ఇది రాష్ట్రపుష్పం.

దీనిని గుర్తించడానికి పువ్వు కోసం ఎదురుచూడనక్కరలేదు. ఆకుకొన చూస్తే చాలు. అది నులితీగవలె మెలితిరిగి, దొరికిన ఆధారాన్ని చుట్టుకొంటుంది. పువ్వుకు ఆరు రేకులు. అంచులు అలలవలె ముడుచుకొని, రేకులు వెనుకకు వంగి పైకి నిలుస్తాయి. విచ్చినప్పుడు పసుపు, పిదప నారింజ, వాడే వేళకు ఎరుపు. అగ్నిశిఖ అన్న పేరు ఊరక రాలేదు.

చిక్కంతా దుంపతోనే. వానలు వెనుకబట్టాక తీగ ఎండి, గుర్తులన్నీ చెరిగిపోయి, దుంప ఒక్కటే మట్టిలో మిగులుతుంది. అది నాగలివలె వంకర తిరిగి ఉంటుంది. సంస్కృతంలో లాంగలి అన్నది అందుకే. తినే దుంప అని భ్రమించి వండుకొని ప్రాణాలు పోగొట్టుకొన్నవారున్నారు. ఇందులోని కాల్చిసిన్ అనే విషం ఉడికించినా పోదు. విచిత్రమేమంటే, అదే కాల్చిసిన్ వైద్యుని మోతాదులో గౌట్ అనే కీళ్లవ్యాధికి మందు! మొక్కలలో క్రోమోజోముల సంఖ్యను రెట్టింపు చేయడానికి 1937 నుండి శాస్త్రజ్ఞులు దానిని వాడుతున్నారు.

అడవి మొక్కే అయినా ఇది కుండీలోనూ పెరుగుతుంది. హైదరాబాదులోని రాంనగర్ వంటి ఇరుకు పేటలో ఎండ తగిలే మేడ ఉంటే చాలు. దుంప కొసన ఉన్న మొగ్గ విరిగితే అక్కడ మళ్లీ మొలక రాదు. కనుక ఇసుక కలిపిన మట్టిలో దుంపను జాగ్రత్తగా అడ్డంగా పెట్టి, పక్కన కర్ర పాతాలి. తీగ ఎండిన తరువాత నీరు పోస్తే దుంప కుళ్లుతుంది. దానిని తాకిన చేతులు వెంటనే కడుక్కోవాలి. ఆకు లేని ఆ నెలలలో ఖాళీ కుండీ అనుకొని పిల్లలెవరైనా తవ్వవచ్చు. అందుచేత మొక్కపేరు, కింద విషమన్న మాట కుండీమీద రాసి ఉంచాలి.